ఎనిమిదో తరగతి కొడుకున్న తండ్రులకు ఒక గంట

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటా ఒకే రోజున తల్లిదండ్రుల్ని పిలిచి మీ శాఖ మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టింది. 2025 జులై 10న మళ్లీ పెట్టింది. నేను పల్నాడులో జడ్పీ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పిలుపు లేకపోయినా పాత అలవాటు కొద్దీ వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. తల్లులకు ముగ్గుల పోటీ పెట్టారు, తండ్రుల చేత తాడు లాగించారు. బాగుంది. కొడుకు ఏ సెక్షనో తెలియని మగవాళ్లు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చారు. నా సర్వీసు మొత్తంలో అంతమంది తండ్రుల్ని ఒక్కచోట బళ్లో చూడలేదు. వాళ్లను చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

అడిగేది చిన్నదే. ఈసారి మీటింగులో ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లల తండ్రుల్ని ఒక గదిలో విడిగా గంటసేపు కూర్చోబెట్టండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ని పిలిపించండి. ఆ వయసులో కొడుకు ఒంట్లో, మనసులో ఏం జరుగుతుందో, వాడితో ఎలా మాట్లాడాలో చెప్పించండి. చెప్పాల్సింది పిల్లలకు గదా, తండ్రులకెందుకని మీ అధికారులు అడుగుతారు. ఎందుకో చెబుతాను.

పిల్లలకు పాఠం ఇప్పటికే ఉంది. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమారదశ ఉంది, పదిలో ప్రత్యుత్పత్తి ఉంది. 2014 జనవరిలో కేంద్రం పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్ల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఒక మగ టీచరుకు, ఒక ఆడ టీచరుకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య విషయాలు చెప్పించాలని పథకం కూడా ఉంది. కాగితం మీద లోటేమీ లేదు. క్లాసులో ఏం జరుగుతుందో మాత్రం మాకు తెలుసు. ఆ పాఠం వచ్చేసరికి సగం మంది టీచర్లు బొమ్మ బోర్డు మీద వేయించి, భాగాలు గుర్తించమని, మిగతాది ఇంట్లో చదువుకోమంటారు. పబ్లిక్ పరీక్షలో ఆ బొమ్మ వస్తుంది కాబట్టి పిల్లలూ బొమ్మ నేర్చుకొని ఊరుకుంటారు.

నేను ఆ పాఠం చెప్పేటప్పుడు ఒక అట్టపెట్టె పెట్టేవాణ్ణి. పేర్లు రాయకుండా ఎవరి సందేహం వాళ్లు చీటీ మీద రాసి అందులో వేయాలి. "రాత్రి నిద్దట్లో పోతే ఒంట్లో బలం తగ్గుతుందా సార్." "ఒకటి కిందికి, ఒకటి పైకి ఉంది, ఆపరేషన్ చేయాలా సార్." "ఛాతీలో గడ్డలాగా వచ్చింది, ఆడపిల్లనవుతానా." ఏ ఏడు చూసినా, ఏ ఊళ్లో చూసినా ఇవే. ఇంకో మాట కూడా చాలా చీటీల్లో కనపడేది: "మా నాన్నకు చెప్పొద్దు సార్." పేరు రాయని చీటీ మీద ఆ మాట ఎందుకు రాశాడో ఆలోచించండి.

ఆ సందేహాలకు క్లాసులో జవాబు చెప్పాను. వృషణాల్లో ఒకటి కాస్త కిందికి ఉండడం చాలామందికి మామూలే. ఛాతీలో ముద్దలా రావడం ఆ వయసు మగపిల్లల్లో సగం మందికి పైగా జరిగేదే, హార్మోన్ల వల్ల వస్తుంది, ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే సర్దుకుంటుంది. ఈ రెండు వాక్యాలు ఏ తండ్రయినా చెప్పగలడు. కాని సాగర్ కుడికాలువ పక్క ఊళ్లో ఒక పిల్లాడు వేసవంతా ఈతకు పోకుండా ఇంట్లో కూర్చుంటే, చొక్కా విప్పాల్సి వస్తుందని పోవడం లేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ అందలేదు. "బద్ధకం మాస్టారూ, ఫోను పట్టుకొని కదలడు" అన్నాడు వాళ్ల నాన్న. ఆయన చెడ్డ తండ్రేం కాదు. కొడుకు ఫీజు కోసం గేదెను అమ్మినవాడు.

తండ్రులు సిగ్గుపడి మాట్లాడరని అందరూ అంటారు. సిగ్గు కొంత నిజమే. అసలు సంగతి అంతకంటే మామూలుది. ఆయనకు తెలియదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల నాన్న చెప్పలేదు, బళ్లో మాస్టారు పేజీ తిప్పేశాడు. ఇప్పుడు నలభై అయిదేళ్లున్న తండ్రికి ఈ విషయంలో తెలిసిందంతా ఎక్కడ తెలిసిందో అడిగి చూడండి. విజయవాడ డాక్టర్ సమరం గారు, గోరా గారి అబ్బాయి, ఏళ్ల తరబడి స్వాతి వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. బస్టాండు పుస్తకాల కొట్టు దగ్గర నిలబడి ముందు ఆ పేజీ చదివి, తర్వాత బస్సెక్కిన మగవాళ్ల తరం వాళ్లది. ఒక్క డాక్టరు గారి శీర్షిక లక్షలమంది తండ్రులు చేయాల్సిన పని చేసింది. ఆ పత్రికను ఇంట్లో పరుపు కింద దాచింది మాత్రం ఆ తండ్రుల నుంచే. ఇప్పటి పిల్లాడికి పరుపు కింద దాచాల్సిన అవసరం కూడా లేదు, జేబులో ఫోనుంది. సమరం గారు శాస్త్రం చెప్పారు. ఫోను చూపించేది వేరు. కెమెరా ముందు నటించినదాన్ని చూసి పద్నాలుగేళ్లవాడు తన ఒళ్లు కొలుచుకుంటాడు, ఆడవాళ్లంటే అంతేననుకుంటాడు.

పిల్లల్ని కనడం, కనకుండా ఆపడం అనే వ్యవహారంలోనే మన మగవాళ్లు బయట నిలబడ్డారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ లెక్క ఒక్క శాతానికి కూడా రాదు. ఆడవాళ్లదాని కంటే ఇదే చిన్న ఆపరేషన్, తేలిక, అదే రోజు ఇంటికి పోవచ్చు. అయినా "మగాడికి బలం తగ్గుద్ది, బరువు పని చేయలేడు" అంటారు. ఈ మాట నమ్మే మనిషి కొడుకు సందేహానికి ఏం జవాబు చెబుతాడు?

పంచెల ఫంక్షన్ మీకు తెలియంది కాదు. ఆడపిల్లకు ఓణీలిచ్చినట్టే మగపిల్లాడికి పదకొండు, పదమూడేళ్లప్పుడు పంచెలు కట్టిస్తున్నాం. ఒకప్పుడు ఇంట్లో జరిగేది, ఇప్పుడు కల్యాణమండపం, డ్రోను కెమెరా, ఊరి మొదట్లో ఫ్లెక్సీ. పట్టుపంచె కట్టి నల్ల కళ్లద్దాలు పెట్టిన పిల్లాడి బొమ్మ, కింద బంధువర్గం పేర్లు వరసన. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా హాలు మాట్లాడి చేస్తున్నారు. వాడు పెద్దవాడవుతున్నాడని ఊరందరికీ చెబుతున్నాం, మూడు కూరలు, రెండు స్వీట్లు పెట్టి మరీ చెబుతున్నాం. పెద్దవాడవడమంటే ఏమిటో వాడికి మాత్రం చెప్పం. మేనమామ పంచె తెచ్చి కట్టబెడతాడు గదా, ఆ రోజు సాయంత్రం చుట్టాలు వెళ్లాక మేనల్లుణ్ణి మేడ మీదికి తీసుకుపోయి పావుగంట మాట్లాడితే ఆ లాంఛనానికి అర్థముండేది. తండ్రి లేని ఇళ్లు, తండ్రి దుబాయిలోనో బెంగళూరు బిల్డింగ్ పనిలోనో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ మామయ్యో బాబాయో ఆ పని చేయాలి. కాబట్టి మీ గదిలోకి తండ్రులతో పాటు వాళ్లనూ రానివ్వండి.

తెలియకపోవడం ఎంత ఖరీదైనదో ఒక్కటి చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లాడు. ఒక రోజు తెల్లవారుజామున నొప్పితో లేచాడు. కడుపు నొప్పి అన్నాడు. తల్లి వాము నమిలించింది, తండ్రి సోడా తెచ్చి తాగించాడు. వాంతులయ్యాయి. అజీర్తి అనుకున్నారు. బడి మానిపించి పడుకోబెట్టారు. మర్నాటికి గాని నొప్పి ఎక్కడో వాడు నోరు విప్పలేదు. నరసరావుపేట తీసుకుపోతే, అక్కణ్ణించి గుంటూరు పంపారు. వృషణం మెలి తిరిగింది, రక్తం అందక చచ్చిపోయింది, తీసేయక తప్పలేదు. ఇది ఎవరికైనా రావచ్చు, ముఖ్యంగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలకు. దెబ్బ తగలనక్కర్లేదు, నిద్రలోనూ వస్తుంది. ఆరు గంటల్లోపు ఆపరేషన్ టేబుల్ ఎక్కిస్తే చాలావరకు నిలబడుతుంది. రోజు దాటితే దాదాపు దక్కదు. నొప్పి పొత్తికడుపులోకి పాకుతుంది, వాంతులవుతాయి, అందుకే కడుపు నొప్పి అన్న అబద్ధం అతుకుతుంది. "పైనా, కిందా?" అని ఆ తండ్రి ఒక్క మాట అడగాల్సింది. కొడుక్కి పద్నాలుగేళ్లొచ్చేదాకా ఆ మాట ఎత్తని మనిషికి ఆ తెల్లవారుజామున ఎక్కణ్ణించి వస్తుంది? పిల్లాడికి ఇక ఏమీ కాదు, రెండోది బాగుంది, పెళ్లీ పిల్లలూ అన్నీ మామూలుగానే ఉంటాయని డాక్టరు చెప్పాడు. వార్డు బయట బల్ల మీద కూర్చొని వాళ్ల నాన్న నాతో అన్న మాట: "నాకు చెప్పడానికేందండీ సిగ్గు, నేనేమన్నా పరాయోణ్ణా?"

ఇలాంటివి అరుదే. రోజూ జరిగేది భయం వ్యాపారం. మీరు జిల్లాల్లో తిరిగేటప్పుడు రైలు కట్ట పక్క గోడలు చూసే ఉంటారు. నరాల బలహీనత, స్వప్నస్ఖలనం, చిన్ననాటి చెడు అలవాట్లు, కింద సెల్ నెంబరు, ప్రతి మంగళవారం ఫలానా లాడ్జిలో ఫలానా రూములో సంప్రదించండి. ఈ ప్రకటనలు 1954 నాటి చట్టం ప్రకారం నేరం. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం వీటి గురించే చేశారు. డెబ్బై ఏళ్లయినా గోడల మీద రంగు ఆరలేదు, ఇప్పుడు యూట్యూబులో కూడా పూశారు. ఆ లాడ్జి రూముకు పోయేది ఎవరనుకుంటున్నారు? ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు. బండికి పెట్రోలని చెప్పి తెచ్చిన డబ్బు అక్కడ ఇస్తారు. వీర్యం పోతే ప్రాణశక్తి పోయినట్టేనన్న భయం మన దేశంలో ఎంత ముదిరిందంటే 1960లో డాక్టర్ విగ్ అనే మానసిక వైద్యుడు దానికి ధాత్ సిండ్రోమ్ అని జబ్బు పేరే పెట్టాల్సి వచ్చింది. ఎన్నో బొట్ల రక్తం మరిగితే ఒక్క బొట్టు అవుతుందని మా చిన్నప్పుడు వినేవాళ్లం. రక్తానికీ దానికీ సంబంధం లేదు. పదమూడేళ్ల నుంచి ముసలితనం దాకా ఒళ్లు రోజూ కోట్ల కణాలు తయారుచేస్తూనే ఉంటుంది. నిండింది కొంత బయటికి పోతుంది, మిగతాది ఒంట్లోనే కలిసిపోతుంది. ఇందులో తప్పూ లేదు, జబ్బూ లేదు.

ఈ సంగతి కొడుక్కి చెప్పడానికి తండ్రికి రెండు నిమిషాలు పడుతుంది. "ఒరే నాన్నా, రాత్రి నిద్దట్లో నిక్కరు తడిస్తే భయపడకు. నాకూ అయ్యేది. చాలామందికి అవుద్ది. పొద్దున్నే నువ్వే ఉతుక్కో, ఎవరికీ చెప్పే పన్లేదు." అంతే. ఉపన్యాసం వద్దు. ఈ నాలుగు ముక్కలు విన్న పిల్లాడు జన్మలో లాడ్జి రూము మెట్లెక్కడు.

ఇంకో చేదు సంగతి ఉంది. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పన్నెండు వేలకు పైగా పిల్లల్ని అడిగి నివేదిక ఇచ్చింది. సగం మందికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు, అందులో మగపిల్లలు 53 శాతం. ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆడపిల్లను చీకటి పడితే బయటికి పంపం, మగపిల్లాణ్ణి ఎవరితోనైనా ఎక్కడికైనా పంపుతాం. పోక్సో చట్టం 2012లో వచ్చినప్పుడే పద్దెనిమిది లోపు ఆడా మగా పిల్లలందరికీ రక్షణ ఇచ్చింది. ఆ సంగతి తెలిసిన తండ్రి ఎంతమంది? వాడికి ఏదైనా జరిగినా "మగాడివి గదరా, ఏమయింది" అంటారేమోనని చెప్పడు. చెప్పినా ఎక్కడికి పోవాలో తండ్రికి తెలియదు. 1098కి ఫోన్ చేయొచ్చని బడి గోడ మీద రాసి ఉంటుంది, దాన్ని కూడా ఆడపిల్లల నెంబరనుకుంటారు.

అదే పోక్సో చట్టం రెండో వైపు నుంచీ వస్తుంది. ఇంటర్ చదివే పదిహేడేళ్లవాడు, పదో తరగతి పదిహేనేళ్ల అమ్మాయి. ఇష్టపడ్డారు, ఒక రోజు తిరుపతి బస్సెక్కారు. అమ్మాయి నాన్న కేసు పెడతాడు. పద్దెనిమిది నిండని అమ్మాయి ఇష్టపడిందన్న మాట చట్టంలో చెల్లదు. పదహారు దాటిన కుర్రాణ్ణి ఘోరమైన నేరాల్లో పెద్దవాడి కింద లెక్కకట్టి విచారించే వీలు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో ఉంది. పదహారు లోపు అమ్మాయి విషయంలో శిక్ష కనీసం 20 ఏళ్లు. ఈ చట్టం న్యాయమా కాదా అని కోర్టుల్లో పెద్దలు వాదించుకుంటున్నారు, అది వేరే సంగతి. కుర్రవాడికి ఈ లెక్క ముందే చెప్పాల్సింది ఎవరు? అమ్మాయి బట్టల్లేని ఫొటో ఫ్రెండ్సుకు పంపడం కూడా నేరమేనని ఎవరు చెప్పాలి? ఇంకా కొత్త మోసం ఒకటుంది. తెలియని అమ్మాయి పేరుతో వీడియో కాల్ వస్తుంది, పిల్లాడి చేత బట్టలు విప్పించి రికార్డు చేసి, డబ్బు పంపకపోతే అందరికీ పంపుతామని బెదిరిస్తారు. వాడు ఆ రాత్రి ఏం చేయాలో తెలియక ఏదైనా చేసుకుంటాడు. 1930 సైబర్ నెంబరు ఉంది. అంతకంటే ముందు "ఎంత తప్పు చేసినా ముందు నా దగ్గరికి రా" అన్న మాట ఇంట్లో ఎప్పుడో ఒకసారి వినపడి ఉండాలి.

చెబితే చెడిపోతారన్న భయం మీ పార్టీకీ, ప్రతిపక్షానికీ, నాకు తెలిసిన హెడ్‌మాస్టర్లందరికీ ఉంది. 2007లో కౌమార విద్య మీద ఎన్నో రాష్ట్రాల్లో గొడవ జరిగి పాఠాలు ఆపేశారు. ఆ తర్వాత 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ, మన వెంకయ్య నాయుడు గారి అధ్యక్షతన, బళ్లలో సెక్స్ విద్య వద్దనే సిఫార్సు చేసింది. పెద్దల భయాన్ని నేను ఎగతాళి చేయను. ఐతే యునెస్కో 2018లో దేశదేశాల అధ్యయనాలన్నీ చూసి, ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడరని రాసింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పిల్లల అశ్లీల చిత్రాల మీద తీర్పిస్తూ, లైంగిక విద్య మీద మన సమాజంలో ఉన్న అపోహల్ని ఏకరువు పెట్టి దాన్ని విస్తృతంగా అందించమని సూచించింది. బళ్లో చెబితే సంస్కృతి పాడవుతుందనేవాళ్లకు నేనిచ్చే జవాబు వేరు. సరే, మీరే ఇంట్లో చెప్పండి. ఎలా చెప్పాలో మేం మీకు చెబుతాం. తండ్రి చేతికే పని అప్పగిస్తే కాదనడానికి ఎవరికీ నోరు రాదు. ఇదొక ఎత్తు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఆడపిల్లల కోసం కొంతైనా జరిగింది. 2021లో అప్పటి ప్రభుత్వం స్వేచ్ఛ పేరుతో బళ్లలో శానిటరీ నాప్‌కిన్లు ఇచ్చింది. మీరు తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలోనే వేస్తున్నారు, అది సరైన పనే. మగపిల్లాడి ఒంటి కోసమే పెట్టిన పథకం పేరు మాత్రం ఒక్కటీ నాకు గుర్తు రావడం లేదు. వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా ఆడపిల్లల మాత్రనుకొని కిటికీలోంచి విసిరేస్తారు మావాళ్లు.

ఇప్పుడు ఆ గంట సంగతి. రిటైరయ్యాక రెండు మూడు ఊళ్లలో రామాలయం అరుగు మీదో, రైతు భరోసా కేంద్రంలోనో తండ్రుల్ని కూర్చోబెట్టి చూశాను. మొదట పది నిమిషాలు ఎవరూ తలెత్తరు. ఒకాయన లేచి, "మాస్టారూ, మావోడు బాత్రూములో అరగంట ఉంటున్నాడు, నాలుగు తగిలించమంటారా?" అన్నాడు. "నువ్వా వయసులో ఎంతసేపు ఉండేవాడివి?" అన్నాను. అరుగంతా గొల్లుమంది. ఆ తర్వాత ఆపడమే కష్టమైంది. ముందు అడిగినవన్నీ "మావోడికి" అని అడిగారు, చివరికి తేలిందేమంటే సగం ప్రశ్నలు వాళ్ల సొంతానివి.

నేను వాళ్లకు చెప్పినవి పెద్ద విషయాలు కావు. పదకొండో ఏటనే మొదలుపెట్టండి, గొంతు మారేదాకా ఆగొద్దు. ఎదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అనొద్దు, వాడికి మార్కుల సంగతేమోనని గుండె జారిపోతుంది. ట్యూషన్‌కు బండి మీద దించేటప్పుడు చెప్పండి, మీరు ముందుంటారు, వాడు వెనకుంటాడు, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. ఒక్కసారి చెప్పేస్తే అయిపోదు, అప్పుడో ముక్క ఇప్పుడో ముక్క. మీకు తెలియని ప్రశ్న వస్తే "కనుక్కొని చెబుతాను" అని నిజంగా కనుక్కొని చెప్పండి. ఫోనులో ఏదో చూస్తూ దొరికితే ముందు కొట్టొద్దు. అది సినిమా ఫైట్ లాంటిది, నిజం అట్లా ఉండదని చెప్పండి. అమ్మాయి వద్దంటే వద్దనే అర్థమని, ఊరుకుంటే సరేనన్నట్టు కాదని చెప్పండి. ఈ మాట చెప్పినప్పుడు అరుగు మీద కొందరు తల దించుకున్నారు. పెళ్లాం విషయంలో వాళ్లకు ఎవరూ చెప్పని మాట అది.

ఇంకొకటి. ఇంట్లో అక్కకో చెల్లికో నెలసరి వస్తుందని మగపిల్లాడికి తెలియాలి. పాడ్స్ ప్యాకెట్టు నల్ల కవర్లో చుట్టి ఇస్తాడు గదా మందుల షాపువాడు, ఆ కవరు వద్దని తండ్రే అనాలి, కొడుకు పక్కన ఉన్నప్పుడు అనాలి. ఇది విని ఒకాయన అప్పటికప్పుడే లేచి వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే అందరూ మారరు.

హెచ్ఐవీ గురించి, కండోమ్ గురించి మీ డాక్టరు దాటవేయకుండా చెప్పేలా చూడండి. మన రాష్ట్రంలో హెచ్ఐవీ దేశ సగటు కంటే ఎక్కువ, ఒకప్పుడు దానితో ఊళ్లకు ఊళ్లు ఎలా కుదేలయ్యాయో జాతీయ రహదారి పక్క పల్లెలకు తెలుసు. అప్పటి ప్రచారం వల్ల ఆ తరానికి భయమన్నా ఉండేది. ఇప్పటి కుర్రాళ్లకు ఆ బోర్డులు కూడా కనపడవు. సందేహాలు అడగడానికి 1097 ఉచిత నెంబరు ఉంది. కొడుకు డిగ్రీకి హైదరాబాద్ హాస్టల్‌కు పోయేలోపు తండ్రి నోట ఒక్కసారి కండోమ్ అన్న పేరు వినపడాలి. ఆ మాట అనలేని తండ్రులు ఉంటారు, వాళ్లకు డాక్టరు చేత రాయించిన ఒక పేజీ కాగితం ఇచ్చి పంపండి. ఇంట్లో పుస్తకాల మధ్య పెడితే చాలు, వాడే చదువుకుంటాడు. ఆ కాగితం తేలిక తెలుగులో ఉండాలి. దయచేసి ఎస్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యపుస్తకాల భాషలో రాయించవద్దు. తెలంగాణ విద్యాశాఖ వారు అడిగితే వాళ్లకూ ఒక ప్రతి పంపండి, మీ బడులూ వాళ్ల బడులూ వేరైనా పిల్లల చీటీలు ఒకటే.

ఏర్పాట్ల గురించి రెండు మాటలు. ఆహ్వానం తండ్రి పేరునే రాయించండి. "తల్లిదండ్రులు" అని రాస్తే తల్లే వస్తుంది. గదిలోకి ఫొటోగ్రాఫర్‌ను పంపొద్దు, గిన్నిస్ రికార్డు కోసం సంతకాలు పెట్టించొద్దు, హాజరు యాప్‌లో ఎక్కించే పని కూడా టీచర్లకు పెట్టొద్దు. ఫొటో తీస్తారంటే ఒక్కడూ నోరు విప్పడు. రోజుకూలికి పోయే వాళ్లకు పగలు వీలవదు, సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. డాక్టరమ్మ వచ్చినా ఫర్వాలేదు. మగ డాక్టరైతేనే మాట్లాడతారని మీవాళ్లు అంటారు గాని, మా అనుభవంలో ఆవిడనే ఎక్కువ అడిగారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం మా జిల్లాలో వద్దు. అప్పుడు మిరపకాయల కోతలు, తండ్రులంతా కల్లాల్లో పడుకుంటారు. జూన్‌లో బడి తెరిచాక, దుక్కులు మొదలయ్యేలోపు ఒక వారం ఖాళీ ఉంటుంది. అప్పుడైతే అందరూ దొరుకుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం మాస్టారు,
పల్నాడు జిల్లా